కమలాదేవియు చేతిపనుల పేళ్లును

తిరుత్తణి సమీపమున కే.జీ.కండిగై మొదలగు పల్లెలు 1960 వఱకు చిత్తూరు మండలములోనివి. కాళహస్తియు నాడా మండలములోనిదే. 1957 ప్రాంతమున కాళహస్తిలో వ్రాతపని నేర్పుట కొక శిక్షణాలయము వెలసినది. ఆ విద్య నెఱిగినవా రప్పటికి కొలదిమందియే మిగిలియుండిరి. జొన్నలగడ్డ లక్ష్మయ్యగా రందు గురువులైరి. దానిని నెలకొల్పిన హస్తకళామండలికి అధ్యక్షురాలు తెలుగుగడ్డపై పుట్టినది కాదు. 1903 ఏప్రిలు 3వ తేదీన మంగుళూరున జన్మించిన కమలాదేవి చట్టోపాధ్యాయ.

బాల్యముననే వైధవ్యమును పొంది, లోకాపవాదమును లెక్కింపక హరీంద్రనాథుని పరిణయమాడెను. సరోజినీదేవి ఆమెకు ఆడుబిడ్డ. 1926లో మదరాసు శాసనసభకు పోటీచేసి స్వల్పపు తేడాతో ఓడెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెఱసాల కేగెను. ఇవి పాఠకు లెఱిగినవే గావున విస్తరింపము.

1952లో ప్రభుత్వము అఖిలభారత హస్తకళామండలి నేర్పఱచి ఆమెకు అధ్యక్షపదవి నొసగెను. ఆ యేటనే చేమగ్గములకు వేఱొక మండలి, మఱుసటి యేట ఖద్దరునకు మఱియొకటి పుట్టినవి. చేతిపని యొక్కటే, కచ్చేరీలు మూడు! మగ్గముపై నేసిన గుడ్డ యొక కచ్చేరీది. ఆ గుడ్డనే కరక్కాయ కలిపిన పాలలో తడిపి యెండబెట్టి, ఇనుపముక్కలు బెల్లపునీట నూరవైచిన నలుపుతో వెదురుకలమున బొమ్మ వ్రాసినచో మఱియొక కచ్చేరీది. మగ్గమునకు విద్యుత్తు తగిలించెనా, నేతగాడు రెండింటికిని వెలియగును. పొదటూరుపేట ప్రాంతపు నేతవారి కీ చిక్కు క్రొత్త గాదు.

ఈ విభజనకు ఆమెనొక్కతెను బాధ్యురాలిని జేయుట న్యాయము కాదు. పైగా ఆమె కొలత మాకు నచ్చినది. పని చేయు హస్తమును జూచెను గాని, వస్తువు పాతదా క్రొత్తదా యని చూడలేదు. కోవెలలకు రామాయణకథలు వ్రాసిన కాళహస్తివారు పిమ్మట గోడతెరలును చీరలును వ్రాసిరి. ఆ మార్పును కళాభ్రంశమని ఆమె త్రోసిపుచ్చలేదు. సరకునకు విపణి కల్పించుటయే సహాయమని యెఱిగి విక్రయశాలలను పెంపొందించెను. 1964లో ప్రపంచ హస్తకళామండలి స్థాపనమున పాలుగొనెను.

ఒక్క ఆక్షేపణము మాత్రము కలదు. 1965లో మొదలైన జాతీయ బహుమానములు పేరులేని పనివానికి పేరు తెచ్చినవి, నిజమే. కాని ఏటిలో గుడ్డ నుతుకువారికిని, రంగుకాగుల కడ మంటపెట్టువారికిని అందు చోటు లేదు. ఇంటివా రందఱి పని ఒక్కని పేర చెల్లినది.

1988 అక్టోబరు 29వ తేదీన కమలాదేవి కాలధర్మము నొందెను. భౌగోళిక గుర్తింపు చట్టము వచ్చిన పిదప కాళహస్తి వ్రాతపనియు, బందరు అద్దకమును వేర్వేఱు సరకులుగ నమోదైనవి. 2020లో ప్రభుత్వము హస్తకళామండలిని, చేమగ్గముల మండలిని గూడ రద్దుచేసెను. యంత్రమున అచ్చొత్తిన చీర లిప్పటికిని అంగళ్లలో కలంకారీ పేరుతోనే చెల్లుచున్నవి.