లాటరీలో దక్కిన సీటు

బీఈడీ, డీఈడీ చదివిన టీచర్లకు లెవ్ వైగాట్‌స్కీ పేరు పరిచయమే. పెద్దల ఆసరా ఉంటే పిల్లలు తామొక్కరే చేయగలిగినదానికన్నా ఒక మెట్టు పైకి వెళ్తారని చెప్పిన మనస్తత్వ శాస్త్రవేత్త. అయితే మాస్కో విశ్వవిద్యాలయంలో ఆయన చదివింది సైకాలజీ కాదు, లా.

1896లో నేటి బెలారస్‌లోని ఓర్షాలో ఒక యూదు కుటుంబంలో పుట్టి, గోమెల్‌లో పెరిగారు. మొదట ఇంటి దగ్గరే చదువు, తర్వాత యూదుల ప్రైవేటు హైస్కూలు. 1913లో బంగారు పతకంతో బడి ముగించారు. కానీ జార్ పాలనలో మాస్కో విశ్వవిద్యాలయం యూదులకు ఇచ్చేది నూటికి 3 సీట్లే. ఆ ఏడు వాటికీ లాటరీ పెట్టారు. పతకం పనికిరాలేదు, చీటీ కలిసొచ్చింది.

వైద్యంలో చేరి, కొద్దివారాలకే లాకు మారారు. యూదులకు ప్రభుత్వ బడుల్లో ఉద్యోగం లేని కాలం అది. లాయరైతే బతకవచ్చు. పక్కనే షన్యావ్‌స్కీ ప్రజా విశ్వవిద్యాలయంలో ఇష్టమైన చరిత్ర, తత్త్వశాస్త్రం చదివారు.

1917లో విప్లవంతో ఆ ఆంక్షలు పోయాయి. గోమెల్‌కు తిరిగొచ్చి టీచరయ్యారు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చిన్న సైకాలజీ ప్రయోగశాల పెట్టారు. 1924లో ఒక సదస్సులో ఆయన ప్రసంగం విన్నాక మాస్కో సైకాలజీ సంస్థ పిలిచి ఉద్యోగమిచ్చింది. మరుసటి ఏడాది కళల మనస్తత్వంపై పరిశోధన గ్రంథం సమర్పించారు. చూపు, వినికిడి లోపాలున్న పిల్లల చదువుపై పనిచేశారు. క్షయతో బాధపడుతూనే, చివరి ఏళ్లలో మళ్లీ వైద్యవిద్యలో చేరారు. 1934లో 37 ఏళ్లకే కన్నుమూశారు.

ఆ ఏడాదే వెలువడిన ఆయన పుస్తకం మన బడులకు పనికొచ్చే మాట చెప్పింది. పిల్లలు రెండో భాషను సొంత భాష మీద నిలబడే నేర్చుకుంటారు. ఆ రెండో భాష తిరిగి సొంత భాషపై ఎరుక పెంచుతుంది.

మన దేశంలో నేడు ఈ దారికి నియమాలున్నాయి. సాధారణంగా డిగ్రీలో సైకాలజీ, ఆపై పీజీ చేస్తారు. రోగులకు చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సులో శిక్షణ పొంది, అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా చాలాచోట్ల డిగ్రీలో సైకాలజీ తీసుకోవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలు ఆ కోరిక చెబితే, భాష అడ్డని చెప్పి వెనక్కి లాగకండి.