ఊరి యేటి చిత్రకారుడు – జాన్ కాన్‌స్టేబుల్

చిత్రలేఖనము నేర్చుకొను బాలునకు కాగితము, రంగులు ఇచ్చి ఒక ప్రకృతి దృశ్యమును వేయుమన్నచో, అతడు సాధారణముగా రెండు కొండలను, వాని నడుమ ఉదయించు సూర్యుని, ఒక యేటిని, ఒక గుడిసెను వేయును. అతని ఊరిలో కొండ లేకపోయినను చిత్రములో కొండ యుండును. ఒరులు వేసినదానిని వేయుట సులభము; కన్నుల యెదుట నున్నదానిని చూచి వేయుట కష్టము. ఆ కష్టమునే జీవితవ్రతముగా గైకొన్న మహాచిత్రకారుడు ఆంగ్లేయుడగు జాన్ కాన్‌స్టేబుల్.

అతడు 1776వ సంవత్సరము జూన్ 11వ తేదీన ఇంగ్లండులోని సఫోక్ మండలమున, ఈస్ట్ బెర్గోల్ట్ అను గ్రామమునందు జన్మించెను. తండ్రి గోల్డింగ్ కాన్‌స్టేబుల్ సంపన్నుడగు ధాన్యవర్తకుడు. స్టౌర్ నదిపై ఫ్లాట్‌ఫర్డ్, డెడ్‌హామ్ అనుచోట్ల అతనికి పిండిమరలు కలవు. మరచక్రము నుండి దూకు నీరు, ధాన్యము మోయు పడవలు, ఒడ్డున చివికిన కొయ్యలు, నాచు పట్టిన గోడలు — ఇవియే ఆ బాలుని తొలి పాఠములు. కుమారుడు తన వర్తకమును చేపట్టవలెనని తండ్రి కోరిక. అందుచే జాన్ కొంతకాలము మరపని చేసెను. గాలిమర నడపువాడు నిరంతరము ఆకాశమును కనిపెట్టి యుండవలెను. మబ్బుల పోకడ నెరుగనివానికి గాలి రాక తెలియదు. ఆ యలవాటు పిమ్మట అతనికి మిక్కిలి ఉపకరించెను.

ఆ గ్రామముననే సీసపు గొట్టములు, కిటికీ అద్దములు అమర్చి జీవించు జాన్ డన్‌థోర్న్ అను నతడుండెను. తీరిక వేళల చిత్రములు వేయుట అతని ముచ్చట. ఇరువురును పొలములలో కూర్చుండి వేయుచుండిరి. నీడలు జరిగినంతనే పని నిలిపి, మరునాడు అదే వేళకు వచ్చి తిరిగి ప్రారంభించెడివారు. వెలుగు మారినచో దృశ్యమే మారునను సత్యమును కాన్‌స్టేబుల్ ఈ విధముగా గ్రహించెను.

తుదకు తండ్రి సమ్మతింపగా, 1799లో అతడు లండనులోని రాయల్ అకాడమీ పాఠశాలలో చేరెను. 1802లో ఒక సైనిక విద్యాలయమున చిత్రలేఖనోపాధ్యాయ పదవి లభింపనుండగా దానిని నిరాకరించెను. ఇతరుల పటములలో సత్యమును వెదకుట చాలించి, స్వగ్రామమునకు పోయి ప్రకృతినే గురువుగా చేసికొన నిశ్చయించెను.

అందుకై అతడు చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. ఆ కాలమున పురాణ చారిత్రక చిత్రములకే గౌరవము మెండు. చెట్లను సైతము ప్రాచీన పటములవలె గోధుమవన్నెలో వేయవలెనని పెక్కుమంది తలంచిరి. కాన్‌స్టేబుల్ మాత్రము ఆకులకు పలువిధములగు పచ్చదనమును, వాని తడిపై తళుకును కనబరచెను. కొనువారు అరుదైరి. మేరియా బిక్నెల్ అను యువతిని అతడు ప్రేమించెను. కాని ఆమె తాతగారు అంగీకరింపలేదు. ఏడేండ్లు వేచియుండి, 1816లో గాని వారు వివాహము చేసికొనలేకపోయిరి.

1821, 1822 సంవత్సరములలో లండను చెంతనున్న హాంప్‌స్టెడ్ మిట్టపై నిలిచి అతడు అనేక మేఘచిత్రములను వేసెను. పలు చిత్రముల వెనుక తేదీని, వేళను, గాలి వీచు దిక్కును వ్రాసికొనెను. ఆకాశము చిత్రమునకు వెనుక తెర కాదు, దాని ప్రాణమే యని అతని మతము. నేలపై వెలుగు పైనుండియే వచ్చును గదా!

1821లోనే అతని ప్రసిద్ధ చిత్రము ఎండుగడ్డి బండి వెలువడెను. ఫ్లాట్‌ఫర్డ్ మర చెంత లోతులేని యేటిలో నిలిచిన బండి, ఒక చిన్న యిల్లు, ఒడ్డున ఒక కుక్క — అందలి విషయమింతియే. లండను ప్రదర్శనమున దానిని ఎవరును కొనలేదు. 1824లో పారిస్ ప్రదర్శనమున అదే చిత్రమునకు స్వర్ణపతకము లభించెను. ఫ్రెంచి చిత్రకారుడు డెలాక్రువా దానిని చూచి ముగ్ధుడయ్యెను. ఇంగ్లండు విడిచి ఎన్నడును పోని చిత్రకారుని పేరు సముద్రము దాటిపోయెను. నేడు ఆ చిత్రము లండను నేషనల్ గ్యాలరీలో నున్నది.

1828లో మేరియా క్షయవ్యాధిచే మరణించెను. ఏడుగురు బిడ్డలు తల్లిలేనివారైరి. మరుసటి యేడు, తన యేబది రెండవ యేట, ఒకే యొక్క ఓటు ఆధిక్యముతో అతడు రాయల్ అకాడమీ పూర్ణసభ్యుడయ్యెను. ఆ గౌరవమును పంచుకొనుటకు భార్య లేకపోయెను. 1837 మార్చి 31న అతడు దివంగతుడయ్యెను.

విద్యార్థులారా! తొలి చిత్రమునకు విషయము కొరకు దూరము పోనక్కరలేదు. మీ వీధి చివరి వేపచెట్టో, చెరువుగట్టో చాలును. ఒకచోట కూర్చుండి, వెలుగు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో మొదట చూడుడు. ఆకాశమును లేతగా వేసి, దూరపు వస్తువులను పలుచగా, దగ్గరివానిని స్పష్టముగా వేయుడు. ఆకులన్నిటికి ఒకే పచ్చరంగు పూయకుడు. నీడ జరిగినచో లేచి, మరునాడు అదే వేళకు రండు. ఒక పిండిమరను, ఒక చిన్న యేటిని విసుగులేక చూచినవాడు లోకమునకు క్రొత్త చూపు నొసగెను. మీ ఊరిని అట్లు చూచువారు మీరు గాక మరెవ్వరు?