మేజినీ జాబులు

అనకాపల్లి బెల్లపు వర్తకుడు పూర్వము ధర వ్రాసి, కవరంటించి, తపాలాపెట్టెలో వేసి నిశ్చింతగా నుండెడివాడు. నేడు టెలిఫోనులో మాటాడి నిశ్చింతగా నున్నాడు. నడుమ నెవ్వరును వినరను నమ్మకమే వర్తకమునకును, స్నేహమునకును, రాజకీయమునకును మూలధనము. ఆ నమ్మకమును ప్రభుత్వమే హరించినచో నేమగునో ఇటలీ దేశభక్తుడు జోసెఫ్ మేజినీ చరిత్రము చెప్పుచున్నది.

మేజినీ 1805 జూన్ 22వ తేదీన జెనోవా నగరమున జన్మించెను. ఖండఖండములై ఆస్ట్రియా ప్రాబల్యమునకు లోబడిన స్వదేశము నేకముచేసి ప్రజారాజ్యము స్థాపించుట యాతని వ్రతము. 1830లో చెరసాల పాలయ్యెను. 1831లో ప్రవాసియై, మార్సేల్సున 'యువ ఇటలీ' సమాజమును నెలకొల్పి, ఆ పేరనే పత్రికను నడపెను. 1837లో లండను చేరెను. ఇంగ్లండు స్వాతంత్ర్యమునకు పుట్టినిల్లని ప్రతీతి. ఆ యింటనే యాతని జాబులు తెరువబడెను.

1844లో మేజినీకి సందేహము కలిగెను. వెంటనే నిందమోపక, తొలుత పరీక్షించెను. మిత్రులచే తన పేర జాబులు వేయించి, వానిలో గసగసాలు, ఇసుకరేణువులు, తలవెండ్రుకలు పెట్టించెను. జాబులు చేరెను, గసగసాలు చేరలేదు. సాక్ష్యము చేతికి దొరకిన పిమ్మటనే పార్లమెంటు సభ్యుడు డంకూంబుద్వారా ఆ జూన్ నెలలో కామన్సు సభకు విజ్ఞాపన మంపెను.

హోంమంత్రి సర్ జేమ్సు గ్రాహము ఉత్తరువు నిచ్చినట్లు బయల్పడెను. పత్రికలు మండిపడెను, 'పంచ్' మంత్రిని పరిహసించెను, కార్లైలు 'టైమ్సు'నకు లేఖ వ్రాసి మేజినీ శీలమును సమర్థించెను. ఆ జూలై 25వ తేదీననే మేజినీతో నుత్తరప్రత్యుత్తరములు జరిపిన బాందియేరా సోదరులు కోసెంజా యొద్ద కాల్చి చంపబడిరి. ఆ జాబుల సమాచారమే వారి ప్రాణములు తీసెనని యనేకులు నమ్మిరి. సమాచారము విదేశ ప్రభుత్వమునకు చేరెనని యొప్పుకొనిన విచారణసంఘములు, అందు వ్యక్తుల పేర్లు లేవని నివేదించెను.

సంకేతలిపి శాఖ ఆ సంవత్సరమే మూయబడెను. మంత్రి యధికారము మాత్రము నిలిచియే యుండెను. మేజినీ 1849లో రోము ప్రజారాజ్య పాలకులలో నొకడై, 1872 మార్చి 10వ తేదీన పీసాలో మరణించెను.

ఆంగ్లేయులు 1898లో చేసిన తపాలా చట్టము మన జాబులను పట్టుకొను నధికారమును సర్కారున కిచ్చెను. స్వతంత్రభారతము దానిని దశాబ్దములు నిలుపుకొనెను. దాని స్థానమున వచ్చిన 2023 చట్టమునను అట్టి యధికారమున్నది. రాజ్యరక్షణకు గూఢశోధన మొకప్పు డవసరము కావచ్చును. కాని టెలిఫోను మాటలో గసగసాలు వేయుటకు వీలులేదు. పౌరుడు పరీక్షింపజాలనిదానిని స్వతంత్ర న్యాయాధికారి పరీక్షింపవలెను. పత్రికలు నిర్భయముగా శోధింపవలెను.