గళ్లలో ఒదగని గ్రేస్ హాపర్

పీజీలో మొదటిసారి కోబాల్ ల్యాబ్‌కు వెళ్లిన రోజు మా తలప్రాణం తోకకొచ్చింది. స్పెల్లింగులన్నీ సరిగ్గానే ఉన్నా ఎర్రర్ మాత్రం పోలేదు. మన ఇళ్లలో మనకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. అందుకే ఈ చదువు మనవల్ల కాదేమో, ఊరికి వెళ్లిపోదామా అని కూడా అనుకున్నాం. తీరా చూస్తే, 12వ గడిలో మొదలు కావలసిన వాక్యాన్ని 8వ గడిలో మొదలుపెట్టాం. అంతే! ఈ గళ్ల గొడవ ఎక్కడిదని వెతికితే గ్రేస్ హాపర్ జీవితం దొరికింది. తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాం.

ఆమె 1906 డిసెంబరు 9న న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్లప్పుడు అలారం ఎలా మోగుతుందో చూద్దామని ఇంట్లోని ఏడు గడియారాలనూ విప్పేశారు. లాటిన్ పరీక్ష తప్పి ఒక ఏడాది ఆలస్యంగా కాలేజీలో చేరారు. సప్లిమెంటరీ రాసినవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోండి. 1934లో యేల్ విశ్వవిద్యాలయంలో గణితంలో డాక్టరేట్ పొందారు. యుద్ధకాలంలో నౌకాదళంలో చేరబోతే వయసు ఎక్కువ, బరువు తక్కువ అన్నారు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని 1943లో చేరారు. 1944లో హార్వర్డ్‌లో మార్క్-1 యంత్రంపై పని మొదలుపెట్టారు.

అప్పట్లో ప్రోగ్రామంటే అంకెల కోడే. 1952లో ఆమె ఏ-0 అనే తొలితరం కంపైలర్ తయారుచేశారు. తర్వాత మామూలు మాటలతోనే ప్రోగ్రాం రాయించాలనుకున్నారు. యంత్రానికి ఇంగ్లీషు రాదని పైవాళ్లు కొట్టిపారేశారు. ఆమె ఊరుకోలేదు, ఫ్రెంచి, జర్మన్ మాటలతో కూడా నడిపి చూపించారు. వాళ్లు ఇంకా బెదిరిపోయారట! తెలుగు మీడియం నుంచి వచ్చిన మాకు ఇది చదివి ఎంత సంతోషమైందో చెప్పలేం. ఆమె ఫ్లో-మాటిక్ భాషే 1959లో మొదలైన కోబాల్‌కు ప్రధాన ఆధారమైంది. దాన్ని రూపొందించింది మాత్రం ఒక కమిటీ.

మాటలకు స్వేచ్ఛ వచ్చింది గానీ చోటుకు రాలేదు. ఆనాటి పంచ్ కార్డుకు 80 నిలువు గళ్లు. మొదటి ఆరు వరుస సంఖ్యకు, కార్డుల కట్ట కిందపడితే మళ్లీ పేర్చుకోవడానికి. ఏడోది గుర్తుకు, 8 నుంచి శీర్షికలకు, 12 నుంచి 72 వరకు వాక్యాలకు. కార్డులు పోయాయి, గళ్లు మిగిలాయి. 2000 సంవత్సరానికి ముందు వై2కె పని కోసం మన తెలుగువాళ్లు ఎందరో ఈ గళ్లే నేర్చుకున్నారు. 2002 ప్రమాణంలో గాని ఫ్రీ ఫార్మాట్‌కు అనుమతి రాలేదు.

అయినా వాదన ఆగలేదు. గళ్లుంటే ఏది ఎక్కడుందో చూపుకు ఇట్టే దొరుకుతుంది, నడుస్తున్న పాత ప్రోగ్రాములను కదిలించకూడదు అంటారు పాతవాళ్లు. చూడని కార్డుకు మేమెందుకు లొంగాలి అంటారు కొత్తవాళ్లు. హాపర్ ఎటువైపు? ఆమె ఆఫీసులో గడియారం వెనక్కి తిరిగేది, అలవాటే చట్టం కాదని చూపడానికి. అదే మనిషి 1967లో నౌకాదళం మళ్లీ పిలిస్తే, కోబాల్ అన్ని యంత్రాల్లో ఒకేలా నడవాలని ఏళ్ల తరబడి శ్రమించారు. కాబట్టి ఇద్దరూ ఆమెను తమ మనిషే అనుకోవచ్చు. మేం మాత్రం కొత్త ప్రోగ్రాం ఫ్రీగా రాస్తాం, పాతది ముట్టుకుంటే గళ్లు లెక్కపెడతాం.

1986లో 79 ఏళ్ల వయసులో రియర్ అడ్మిరల్‌గా పదవీ విరమణ చేసిన ఆమె 1992 జనవరి 1న కన్నుమూశారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు.