కావ్యాలలో జనజీవనాన్ని వెదికిన సురవరం

ఒక పండితుని పరిశోధనకు విలువ కట్టవలసి వచ్చినప్పుడు నేటి విద్యాలోకం అతని ప్రచురణలు ఎన్ని, ఇతరులు వాటిని ఎన్నిసార్లు ప్రమాణంగా స్వీకరించారు అని లెక్కిస్తుంది. విశ్వవిద్యాలయంలో ఏ పీఠమూ అధిష్ఠించని సురవరం ప్రతాపరెడ్డి కృషిని ఆ కొలబద్దతో కొలిచినా తక్కువగా తేలదు. అయితే ఆ కృషి ఎంత విస్తరించిందో తెలియాలంటే సంఖ్యలు చాలవు.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమకు నడిగడ్డ అని పేరు. గద్వాల, అలంపురం, అయిజ ఆ సీమలోనివే. పండితపోషణ వల్ల గద్వాల సంస్థానం విద్వద్గద్వాలగా ఖ్యాతి గడించింది. ఈ నేలపై, బోరవెల్లి గ్రామంలో, ప్రతాపరెడ్డి 1896 మే 28న జన్మించారు. తల్లిదండ్రులు రంగమ్మ, నారాయణరెడ్డి. ఆయన కర్నూలులో వెల్లాల శంకరశాస్త్రి వద్ద సంస్కృతాంధ్రాలు అభ్యసించి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. న్యాయవాదవృత్తి ఆయనను ఎంతోకాలం నిలుపుకోలేదు.

నిజాం రాజ్యంలో పాలనకు, ఉన్నతవిద్యకు ఉర్దూయే భాష. తెలుగు పాఠశాలలు అరుదు, పత్రికలు మరీ అరుదు. అటువంటి కాలంలో 1926 మే 10న ఆయన సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వెలువడింది. ప్రభుత్వ ఆంక్షలను ఎదుర్కొంటూ, ధనాభావాన్ని సహిస్తూ ఆయన దానిని నడిపారు. తెలంగాణంలో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణ ఒకటి ఆ రోజులలో వినవచ్చింది. ప్రతాపరెడ్డి వాదానికి దిగలేదు. ఊరూరి నుండి కవుల వివరాలను, పద్యాలను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించారు. ఆక్షేపణకు ఆధారాలతో సమాధానం చెప్పడం పరిశోధకుని లక్షణం. ఈ ప్రాంత సాహిత్య చరిత్రను రచించేవారికి ఆ సంచిక నేటికీ ఆకరగ్రంథమే.

ఆయన రచనలు ఒక శాస్త్రానికి కట్టుబడలేదు. హిందువుల పండుగలు ఆచారాల పుట్టుపూర్వోత్తరాలను విచారిస్తుంది. రామాయణ విశేషములు ఇతిహాసాన్ని విమర్శకుని దృష్టితో పరిశీలిస్తుంది. కథలు, నాటకాలు, పత్రికా వ్యాసాలు వేరే ఉన్నాయి.

వీటన్నిటిలోను తలమానికం 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అంతకుముందు చరిత్ర అంటే ఎక్కువగా రాజుల వంశావళులు, యుద్ధాల తేదీలే. సామాన్యుడు ఏమి తిన్నాడు, ఏమి కట్టాడు, ఏ ఆట ఆడాడు అన్న ప్రశ్నలకు శాసనాలలో లభించే జవాబు స్వల్పం. ఆ జవాబును ప్రతాపరెడ్డి కావ్యాలలో వెదికారు. క్రీడాభిరామంలో ఓరుగంటి వీధులు, పూటకూళ్ల ఇళ్లు, కోడిపందేలు కనిపించాయి. పాల్కురికి సోమనాథుని కృతులలో ప్రజలు పాడుకొన్న పాటల పేర్లు దొరికాయి. హంసవింశతిలో పిల్లల ఆటలు, చేతివృత్తులవారి పనిముట్లు బయటపడ్డాయి. రసజ్ఞులు చిన్నచూపు చూసిన కథాకావ్యాలే ఈ పనికి మహాప్రబంధాలకంటె ఎక్కువగా ఉపకరించడం విశేషం. అట్టి మాటలను నిఘంటువులు ఒక ఆట, ఒక వస్త్రవిశేషం అని చెప్పి దాటవేస్తే, ఆయన జనవ్యవహారాన్ని ఆశ్రయించి అర్థాన్ని తేల్చడానికి పూనుకొన్నారు. తూర్పు చాళుక్యుల కాలం మొదలు 1907 వరకు సాగిన ఆ విచారణ సుమారు ఎనిమిదిన్నర శతాబ్దాల తెలుగువారి బ్రతుకును ఒకచోటికి తెచ్చింది.

కవివర్ణనను సాక్ష్యంగా తీసుకోవడంలో ప్రమాదం లేకపోలేదు. కవి చూసినదేదో, కవిసమయంగా వ్రాసినదేదో విడదీయడం కష్టం. ఆయన నిర్ణయాలలో కొన్నింటిని తరువాతివారు సరిదిద్దవచ్చు. సరిదిద్దడానికి పూనుకొన్నవారు సైతం మొదట ఆయన గ్రంథాన్నే తెరవవలసి ఉంటుంది. చరిత్రకారులు, జానపద పరిశోధకులు, నిఘంటుకర్తలు, ప్రాచీన కావ్యాలకు వ్యాఖ్యలు వ్రాసేవారు తమతమ అవసరాలకు దానిని ఆశ్రయిస్తూ వచ్చారు.

ప్రజాజీవితం నుండి ఆయన ఎన్నడూ తొలగలేదు. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1952 ఎన్నికలలో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. కేంద్ర సాహిత్య అకాడమి 1955లో తన తొలి పురస్కారాలను ప్రకటించినప్పుడు, తెలుగులో ఆ గౌరవం ఆంధ్రుల సాంఘిక చరిత్రకు లభించింది. దానిని అందుకోవడానికి గ్రంథకర్త లేరు.