విల్బరు రైటు

మనుజుడు ఆకాశమున విహరింప గోరుట నేటి మాట గాదు. మన పెద్దలు పుష్పక విమానమును గూర్చి చెప్పుకొనిరి; యవనులు మైనపు రెక్కల ఐకరసు కథను చెప్పుకొనిరి. కోరిక యందరిదే గాని, దానికి వలసిన యోర్పు కొందరికే కలదు. అట్టివారిలో అగ్రగణ్యుడగు విల్బరు రైటు చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

విల్బరు 1867వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున జన్మించెను. తండ్రి మిల్టను రైటు క్రైస్తవ సంఘమున బిషప్పు. తల్లి సుసాను చేతిపనులయందు మిక్కిలి నేర్పరి. తమ్ముడు ఆర్విలు 1871లో పుట్టెను. 1878లో తండ్రి ప్రయాణమునుండి వచ్చుచు, వెదురు, బెండు, కాగితములతో చేసిన బొమ్మ నొకదానిని తెచ్చెను. రబ్బరుపట్టీని మెలిపెట్టి విడిచినచో నది పైకెగిరెడిది. అది విరిగిన పిదప పిల్లలు అట్టివానిని తామే చేయ మొదలిడిరి.

విల్బరు చదువున ముందుండెను. యేలు విశ్వవిద్యాలయమునకు బంపవలెనని తల్లిదండ్రులు తలచిరి. కాని 1885-86 శీతకాలమున మంచుపై ఆడుచుండగా ముఖమునకు కర్రదెబ్బ తగిలి ముందుపండ్లు ఊడిపోయెను. ఆరోగ్యము చెడెను, చదువు నిలిచెను. క్షయరోగముతో మంచము పట్టిన తల్లికి, 1889లో ఆమె కన్నుమూయువరకు, పరిచర్య చేయుచు, తండ్రి పుస్తకములను చదువుకొనుచు నింటనే యుండెను. పిదప సోదరులిద్దరును డేటను పట్టణమున ముద్రాలయమును, 1892లో సైకిళ్ల దుకాణమును నడపిరి.

1896లో జర్మనీ దేశీయుడగు ఒట్టో లిలియెంతాలు గ్లైడరుతో నేలగూలి మరణించెను. ఆ వార్త విల్బరు హృదయమును కదిలించెను. 1899లో స్మిత్సోనియను సంస్థకు జాబు వ్రాసి, గగనయానమును గూర్చిన గ్రంథములను తెలిసికొని చదివెను. అనేకులు యంత్రబలమును గూర్చి యాలోచించుచుండగా, గాలిలో సమతూకము తప్పకుండుటయే ప్రధానమని యతడు గ్రహించెను. ఒకనాడు సైకిలు ట్యూబు వచ్చిన ఖాళీ అట్టపెట్టెను చేతులతో మెలిపెట్టుచుండగా, విమానపు రెక్కలను నట్లే మెలిపెట్టి యదుపు చేయవచ్చునని తోచెను.

కిట్టీహాకు ఇసుకదిబ్బలపై 1900, 1901లలో చేసిన పరీక్షలు ఆశాభంగమునే కలిగించెను. తన జీవితకాలమున మనుజుడు ఎగురజాలడని విల్బరు నిరాశ చెందెను. అయినను పని మానలేదు. ఒక కొయ్యపెట్టెలో గాలిని వీచునట్లు చేసి, ఇంచుమించు 200 చిన్న రెక్కలను పరీక్షించి, పూర్వుల లెక్కలను సరిదిద్దిరి. 1902 నాటి గ్లైడరు వారి మాట వినెను.

1903లో చార్లీ టెయిలరు 12 అశ్వబలముల యంత్రమును నిర్మించి యిచ్చెను. డిసెంబరు 14న నాణెమెగురవేయగా మొదటి యవకాశము విల్బరునకు దక్కెను గాని, విమానము మూడు సెకండ్లలో కూలెను. డిసెంబరు 17న ఆర్విలు 12 సెకండ్లలో 120 అడుగులు ఎగిరెను. ఆనాటి నాలుగవ పర్యాయమున విల్బరు 59 సెకండ్లలో 852 అడుగులు ఎగిరెను. చూచినవారు ఐదుగురే.

పెక్కేండ్లు లోకము నమ్మలేదు. 1908 ఆగస్టు 8న ఫ్రాన్సులోని లెమాన్సువద్ద విల్బరు గగనమున మలుపులు తిరుగగా చూపరులు నివ్వెరపోయిరి. ఎంత కీర్తి వచ్చినను సోదరులు ఆదివారమున ఎగురలేదు. ప్రమాదమున ఇద్దరును ఒక్కసారి పోరాదని, కలిసి ఎగురమని తండ్రికి మాట యిచ్చి, 1910లో ఆయన యనుమతితో ఒక్కమారు మాత్రమే కలిసి యెగిరిరి. ఆనాడే 81 ఏండ్ల యా వృద్ధుడును ఆర్విలుతో విమానమెక్కి, ఇంకను పైకి పొమ్మనెను.

లోపములు లేవని మేము చెప్పము. తమ హక్కులకై వేసిన వ్యాజ్యములలో విల్బరు కడపటి యేండ్లు గడచిపోయెను. క్రొత్త విమానములకు తీరిక చిక్కలేదు. 1912 మే 30న సన్నిపాతజ్వరముచే 45వ యేట మరణించెను. 1948వరకు జీవించిన ఆర్విలు, తమ విమానము యుద్ధములలో నగరములపై నిప్పులు కురియుటను జూడవలసి వచ్చెను. 1969లో చంద్రునిపై దిగినవారు ఆ తొలి విమానపు కొయ్యముక్కను, గుడ్డపీలికను వెంట గొనిపోయిరి.

ప్రియ విద్యార్థులారా! నేడు విమానధ్వని వినబడినను మనము తలయెత్తి చూడము. నాటి యద్భుతము నేటి యలవాటాయెను. కాని కోరిన చదువు చేజారిన యువకుడొకడు, తల్లి మంచము ప్రక్కను కూర్చుండి చదివిన సంగతి మరువదగదు. మీలో నెవరికైన త్రోవ మూసికొనినట్లు తోచినపుడు, ఈ చరిత్రము జ్ఞప్తికి వచ్చుగాక యని మేము కోరుచున్నాము.