దొంగల కోసం చల్లారు.. తోటే బతికింది!

ఒక్కసారి ఊహించుకోండి. 1882 అక్టోబరు. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం దగ్గర ఒక పల్లె. మీరు ద్రాక్షతోటల పక్కన నడుస్తున్నారు. ఎటు చూసినా బూజు తెగులుతో ఆకులు రాలిపోయిన తీగలే. బాట పక్క వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. మనమైతే ఏం చేస్తాం? చూసి వెళ్లిపోతాం. అలెక్సిస్ మిలార్డే ఆగారు. ఎందుకిలా అని తోట మేనేజర్‌ని అడిగారు.

జవాబు వింటే నవ్వొస్తుంది. దారినపోయేవాళ్లు పళ్లు కోసుకుపోకుండా మైలుతుత్తం, సున్నం కలిపి చల్లారట. నీలంగా కనిపిస్తే విషమనుకుని ఎవరూ ముట్టుకోరు కదా! మన చేలల్లో దిష్టిబొమ్మ లాంటిదే అనుకోండి.

1838లో పుట్టిన మిలార్డే జర్మనీలో వృక్షశాస్త్రం చదివారు. 1876 నుంచి బోర్డోలో ప్రొఫెసర్. అప్పటికే వేరు పురుగు ఫ్రాన్స్ తోటల్ని నాశనం చేస్తోంది. దాన్ని తట్టుకునే అమెరికా తీగల మీద పనిచేసిన వాళ్లలో ఆయనొకరు. ఇంతలో 1878లో బూజు తెగులు కనిపించింది. అదీ అమెరికా నుంచి వచ్చిందే!

బాట పక్కన క్లూ దొరికింది కదా అని ఆయన వెంటనే ప్రకటించలేదు. కెమిస్ట్రీ ప్రొఫెసర్ యులిస్ గేయాన్‌తో కలిసి మూడేళ్లు పరీక్షించారు. ఏ పాళ్లలో కలపాలి? ఎప్పుడు చల్లాలి? 1885లో ఫార్ములా బయటపెట్టారు. అదే బోర్డో మిశ్రమం.

ఇది పనిచేసే తీరు సింపుల్. ఆకు మీద పడిన శిలీంధ్ర బీజాన్ని రాగి మొలకెత్తనివ్వదు. సున్నం మైలుతుత్తం ఘాటుకు ఆకు మాడిపోకుండా కాపాడుతుంది. అయితే తెగులు లోపలికి పాకాక చల్లితే లాభం లేదు, ముందే చల్లాలి. మొదటి ఫార్ములా బాగా చిక్కగా ఉండేది. మోతాదు తగ్గించినా పనిచేస్తుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. ఖర్చూ తగ్గింది. ఇప్పుడు ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు చాలు.

మిలార్డే 1902లో కన్నుమూశారు. ఆ మందు మాత్రం ఇప్పటికీ మన నిమ్మ, బత్తాయి తోటల్లో వాడుతూనే ఉన్నారు.

మీ ప్రాజెక్టులో వంద రీడింగులు ఒకలా, రెండు మాత్రం వేరేలా వచ్చాయా? వాటిని డిలీట్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఎందుకిలా అని అడగండి. ఆ తర్వాత పరీక్షించి చూడండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మీకూ ఒక సొంత కథ దొరకొచ్చు.